వర్చువల్ మెషీన్‌లో గడియారం తప్పుతున్నప్పుడు: కారణం కనిపెట్టి సరిచేసే సమగ్ర మార్గదర్శి

వర్చువల్ మెషీన్‌లో సమయం తప్పిందన్న సంగతి మనకు ఆ మాటల్లో దాదాపు ఎప్పుడూ చేరదు. లాగిన్ టోకెన్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదన్న ఎర్రర్ వస్తుంది; ఫోనులో కనిపించిన ఓటీపీని ఉన్నదున్నట్టు కొట్టినా తప్పంటుంది; మేక్ ప్రోగ్రాముతో బిల్డు చేస్తుంటే ఫైలు తేదీ భవిష్యత్తులో ఉందన్న హెచ్చరిక కనిపిస్తుంది; రెండు సర్వర్ల లాగులను పక్కపక్కన పెట్టి చదివితే రిక్వెస్టు కంటే జవాబే ముందు వెళ్లినట్టు ఉంటుంది. ఇలాంటి ఫిర్యాదు రాగానే చాలామంది సమయాన్ని చేత్తో సరిదిద్ది టికెట్ మూసేస్తారు. వారం తిరిగేసరికి అదే టికెట్ మళ్లీ తెరుచుకుంటుంది. గడియారాన్ని సరిచేయడానికి ఒక్క కమాండు చాలు. కానీ అది ఏ తీరున తప్పుతోందో ముందే తేల్చుకోకపోతే ఆ కమాండే సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో సరిదిద్దే మెట్టు దాదాపు చివరన వస్తుంది.

బెంగళూరులో పనిచేసే తెలుగు ఇంజనీర్లకు ఈ సమస్య ముఖ్యంగా మూడు చోట్ల ఎదురవుతుంది: ఎలక్ట్రానిక్ సిటీలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఆఫీసు సర్వర్ రూములో నడిచే వీఎంవేర్, కేవీఎం, హైపర్-వీ హోస్టుల మీద, ముంబయి లేదా హైదరాబాదు రీజియన్లలోని క్లౌడ్ సర్వర్ల మీద, సొంత ల్యాప్‌టాప్‌లోని డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల నడిచే లినక్స్), వర్చువల్‌బాక్స్ మెషీన్ల మీద. వర్చువల్ మెషీన్‌ను గెస్టు అని, దాన్ని నడిపే భౌతిక యంత్రాన్ని హోస్టు అని అంటారు. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా లినక్స్ గెస్టుకు, అందులో గడియారాన్ని నెట్‌వర్క్ సమయంతో సరిచూసే క్రోనీ ప్రోగ్రాముకు సంబంధించినవి. విండోస్ తేడాగా ప్రవర్తించే చోట ఆ సంగతి విడిగా చెప్పాను.

గెస్టులో సమయం ఎలా నడుస్తుంది

భౌతిక యంత్రంలో రెండు గడియారాలు ఉంటాయి. మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీతో నడిచే ఆర్‌టీసీ (రియల్ టైమ్ క్లాక్) మొదటిది. బూట్ అయ్యేటప్పుడు దాన్ని ఒకసారి చదివి, ఆ తర్వాత హార్డ్‌వేర్ కౌంటర్ ఆధారంగా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) తానే నడుపుకునే సిస్టమ్ క్లాక్ రెండవది. వర్చువల్ మెషీన్‌కు ఈ రెండింటినీ హోస్టు మీద గెస్టులను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే హైపర్‌వైజరే, కల్పిస్తుంది. గెస్టు కెర్నెల్ తాను నిరంతరాయంగా నడుస్తున్నానని అనుకుంటుంది, కానీ హోస్టు దాని వర్చువల్ సీపీయూను పక్కన పెట్టి మరొక గెస్టుకు అవకాశమిచ్చిన ప్రతిసారీ అది తనకు తెలియకుండానే ఆగిపోతుంది.

పాత కెర్నెళ్లు టైమర్ ఇంటరప్టులను లెక్కపెట్టి సమయం నడిపేవి కాబట్టి, ఆగిన కాలంలో రావలసిన టిక్కులు పోతే గడియారం అంత మేర వెనకబడేది. నేటి లినక్స్ టిక్కులను లెక్కపెట్టదు, కౌంటర్‌ను చదువుతుంది. పైగా కేవీఎం-క్లాక్, హైపర్-వీ టీఎస్‌సీ పేజీ వంటి క్లాక్‌సోర్సులు (కెర్నెల్ సమయం కోసం చదివే మూలాలు) హోస్టు లెక్కనే గెస్టుకు అందిస్తాయి. అందువల్ల సరైన క్లాక్‌సోర్సు ఉన్న గెస్టులో సీపీయూ రద్దీ ఒక్కదాని వల్లనే రోజుకు నిమిషాల తేడా రావడం అరుదు. "హోస్టు మీద లోడు ఎక్కువైంది, అందుకే టైమ్ పోతోంది" అన్న వివరణ సగం సందర్భాల్లో పదిహేనేళ్ల కిందటి జ్ఞానం మాత్రమే.

తేడాను పీపీఎం లెక్కలో, అంటే పది లక్షల్లో ఎన్ని భాగాలన్న లెక్కలో చెబుతారు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 1 పీపీఎం అంటే రోజుకు 0.0864 సెకను, 100 పీపీఎం అంటే 8.64 సెకన్లు, 500 పీపీఎం అంటే 43.2 సెకన్లు. మామూలు క్రిస్టల్‌కు కొన్ని పదుల పీపీఎం తేడా సహజమే, దాన్ని ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచూసే పద్ధతి) సునాయాసంగా సర్దుతుంది. వందల్లోకి వెళితే మాత్రం హార్డ్‌వేర్ స్వభావం అని వదిలేయకూడదు.

మెట్టు 1: తప్పు ఏ ఆకారంలో ఉందో గుర్తించడం

ఈ మెట్టు మీద ఎంత సమయం పెడితే మిగతా మెట్ల మీద అంత ఆదా అవుతుంది. సమయపు తప్పులు మూడు ఆకారాల్లో ఉంటాయి.

మొదటిది, మారని తేడా. నిన్న ఎంత తప్పుందో నేడూ అంతే ఉంటుంది. దీనికి డ్రిఫ్టు (క్రమంగా పక్కకు జరగడం) అని పేరు పెట్టడమే పొరపాటు. మన దేశంలో దీన్ని పట్టించే అంకె ఒకటి ఉంది: సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు. కాకినాడకు సమీపంగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద మన ప్రామాణిక సమయం ఆధారపడినందున భారత కాలమానం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే అంత ముందుంటుంది. లినక్స్ ఆర్‌టీసీలో యూటీసీ ఉందని, విండోస్ అందులో స్థానిక సమయం ఉందని భావిస్తాయి. విండోస్ గెస్టుకు హైపర్‌వైజర్ యూటీసీ ఆర్‌టీసీ ఇస్తే, బూట్ అయిన వెంటనే గడియారం ఐదున్నర గంటలు వెనక కనిపిస్తుంది. లినక్స్ గెస్టుకు స్థానిక సమయం ఇస్తే ఐదున్నర గంటలు ముందుకు పోతుంది. కేవీఎం గెస్టులను నిర్వహించే లిబ్‌వర్ట్‌లో గెస్టు ఎక్స్‌ఎంఎల్ ఫైలులోని క్లాక్ ఆఫ్‌సెట్‌ను విండోస్‌కు లోకల్‌టైమ్‌గా, లినక్స్‌కు యూటీసీగా మారిస్తే పని అయిపోతుంది. అసలు గడియారం సరిగానే ఉండి టైమ్‌జోన్ మాత్రమే యూటీసీగా మిగిలిపోయిన సందర్భాలూ ఉంటాయి. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండు స్థానిక సమయం, యూనివర్సల్ సమయం, ఆర్‌టీసీ సమయం మూడింటినీ ఒకేచోట చూపుతుంది. యూనివర్సల్ సమయం సరిగా ఉంటే గడియారాన్ని ముట్టుకోకూడదు. టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతాగా మార్చాలి.

రెండవది, నిలకడగా పెరిగే తేడా. గంటకు కొంత, రోజుకు కొంత చొప్పున సాగుతుంది. ఇదే అసలైన డ్రిఫ్టు. దీని అర్థం గెస్టు లెక్కించే వేగం తప్పుగా ఉంది, దాన్ని సరిదిద్దవలసిన ఎన్‌టీపీ పనిచేయడం లేదు. ఈ రెండూ కలిస్తేనే ఫిర్యాదు వస్తుంది కాబట్టి రెండింటినీ వెతకాలి.

మూడవది, గెంతులు. గంటల తరబడి సరిగ్గా నడిచిన గడియారం ఒక్కసారిగా కొన్ని సెకన్లో నిమిషాలో పక్కకు పోతుంది. స్నాప్‌షాట్ (మెషీన్ స్థితిని ఆ క్షణాన భద్రపరచడం), సస్పెండు, లైవ్ మైగ్రేషన్ (నడుస్తుండగానే మరో హోస్టుకు మార్చడం), బ్యాకప్ సమయంలో గెస్టును క్షణకాలం నిలిపివేయడం దీనికి కారణాలు. గెంతు ప్రతిరాత్రీ ఒకే వేళకు వస్తుంటే ముందుగా బ్యాకప్ షెడ్యూలు చూడాలి. క్రోనీ తన లాగులో ఫార్వర్డ్ టైమ్ జంప్ డిటెక్టెడ్, బ్యాక్‌వర్డ్ టైమ్ జంప్ డిటెక్టెడ్ అన్న వాక్యాలు రాస్తుంది. లాగులు చూపే జర్నల్‌సీటీఎల్‌లో వాటి వేళను పట్టుకుని, హైపర్‌వైజర్ ఈవెంట్ల జాబితాతో పోల్చితే దోషి సాధారణంగా ఆ నిమిషంలోనే దొరుకుతుంది.

వచ్చిన ఎర్రర్‌ను బట్టి కూడా తేడా పరిమాణం ఊహించవచ్చు. ఓటీపీలు 30 సెకన్ల గడుల్లో మారతాయి కాబట్టి అవి మాత్రమే విఫలమైతే తేడా అర నిమిషం నుంచి కొద్ది నిమిషాల దాకా ఉండవచ్చు. యాక్టివ్ డైరెక్టరీలో లాగిన్‌లను పరిశీలించే కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాల వరకు ఓర్చుకుంటుంది. అమెజాన్ స్టోరేజి సేవ ఎస్3, తేడా 15 నిమిషాలు దాటితే రిక్వెస్ట్ టైమ్ టూ స్క్యూడ్ అని తిప్పికొడుతుంది.

మెట్టు 2: కొలవడం

కంటితో ఫోను గడియారాన్ని చూసి పోల్చడం కొలత కాదు. క్రోనీ నడుస్తున్న గెస్టులో క్రోనీసీ ట్రాకింగ్ కమాండు ఇస్తే వచ్చే వరుసల్లో మూడింటిని చదవాలి. సిస్టమ్ టైమ్ అన్న వరుస ఈ క్షణాన గడియారం ఎంత వెనక లేదా ముందు ఉందో చెబుతుంది. ఫ్రీక్వెన్సీ అన్న వరుస, క్రోనీ సరిదిద్దకుండా వదిలేస్తే గడియారం ఎన్ని పీపీఎం వేగంగా లేదా నెమ్మదిగా పోయేదో చెబుతుంది. డ్రిఫ్టు అసలు అంకె ఇదే. లీప్ స్టేటస్ అన్న వరుసలో నాట్ సింక్రనైజ్డ్ అని ఉంటే పై రెండు అంకెలకూ విలువ లేదు, మూలాలు, అంటే సమయం ఇచ్చే సర్వర్లు, అందడం లేదని అర్థం.

మూలాలను క్రోనీసీ సోర్సెస్ చూపుతుంది. వరుస మొదట్లో నక్షత్రం గుర్తు ఉన్నది ఎంపికైన సర్వర్. ప్రశ్నార్థకం ఉన్నది అందనిది. ఎక్స్ గుర్తు ఉన్నది మిగతావాటితో పొసగక అబద్ధమాడుతోందని క్రోనీ తేల్చినది. రీచ్ అన్న గడిలో 377 ఉంటే చివరి ఎనిమిది ప్రయత్నాలకూ జవాబు వచ్చినట్టు, ఎందుకంటే ఆ అంకె అష్టాంశ పద్ధతిలో ఎనిమిది బిట్లను చూపుతుంది. అక్కడ 0 ఉంటే యూడీపీ 123 పోర్టు దారిలో ఎక్కడో మూసి ఉందని మొదటి అనుమానం. కార్పొరేట్ ఫైర్‌వాల్ బయటి ఎన్‌టీపీని ఆపివేసి, లోపలి ఎన్‌టీపీ సర్వర్‌ను మాత్రమే అనుమతించడం సర్వసాధారణం. కొత్తగా చేరినవారు లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చిన పూల్ (బయటి ఉమ్మడి) సర్వర్లనే కాన్ఫిగ్‌లో వదిలేస్తే, క్రోనీ నడుస్తున్నట్టే ఉంటుంది, ఏ పనీ చేయదు.

దిద్దుబాటు లేకుండా నికరమైన డ్రిఫ్టు కావాలంటే, ప్రొడక్షన్‌తో (అసలు సేవలు నడిపే వ్యవస్థతో) సంబంధం లేని మెషీన్‌లో క్రోనీ సేవను కాసేపు ఆపి, క్రోనీడీకి పెద్ద అక్షరం క్యూ ఆప్షన్‌తో సర్వర్ పేరు ఇవ్వాలి. అది తేడాను ముద్రించి ఊరుకుంటుంది. చిన్న అక్షరం క్యూ ఇస్తే మాత్రం గడియారాన్నే మార్చేస్తుంది కనుక ఇక్కడ వేలు జాగ్రత్త. ఉదాహరణకు ఉదయం 10 గంటలకు 0.412 సెకను, 11 గంటలకు 0.592 సెకను వెనకబడి ఉందనుకుందాం. గంటలో పెరిగినది 0.18 సెకను, దాన్ని 3,600తో భాగిస్తే 50 పీపీఎం, అంటే రోజుకు సుమారు 4.3 సెకన్లు. ఇది ఎన్‌టీపీ సర్దగలిగిన తేడానే. కనుక ఈ మెషీన్‌లో వెతకవలసింది క్లాక్‌సోర్సును కాదు, ఎన్‌టీపీ ఎందుకు సర్దలేదో.

విండోస్‌లో ఈ పనికి డబ్ల్యూ32టీఎం ఉంది. స్ట్రిప్‌చార్ట్ ఆప్షన్‌తో ఒక సర్వర్‌ను చూపితే తేడాను వరుసగా ముద్రిస్తుంది. క్వెరీ సోర్స్ ఆప్షన్‌తో ప్రస్తుత మూలం తెలుస్తుంది. ఆ జవాబు లోకల్ సీమాస్ క్లాక్ అయితే గెస్టు ఎవరినీ అడగకుండా సొంతంగా నడుస్తోందన్నమాట.

మెట్టు 3: హోస్టును, తోటి గెస్టులను చూడడం

ఒకే హోస్టు మీద ఉన్న నాలుగైదు గెస్టులను కొలిచి పోల్చాలి. అన్నీ ఒకే వైపు, దాదాపు ఒకే మోతాదులో తప్పితే జబ్బు హోస్టుదే. గెస్టులో ఎంత తవ్వినా ఏమీ దొరకదు. హోస్టు మీద ఎన్‌టీపీ సేవ ఆగిపోవడం, అది బూట్ అయినప్పుడు మొదలయ్యేలా అమర్చకపోవడం, నెట్‌వర్క్ మార్పు తర్వాత పాత ఎన్‌టీపీ అడ్రసే మిగిలిపోవడం ఇక్కడ కనిపించే మామూలు లోపాలు. ఒక్క గెస్టు మాత్రమే తప్పుతుంటే తర్వాతి మెట్లకు వెళ్లాలి.

రద్దీ నిజంగానే కారణమా అన్నది కొలిచి చూడవచ్చు. గెస్టులో టాప్ కమాండు చూపే ఎస్‌టీ అంకె, హోస్టు మనకు ఇవ్వకుండా వేరేవారికి ఇచ్చిన సీపీయూ కాలాన్ని తెలుపుతుంది. వీఎంవేర్ హోస్టు మీద ఈఎస్‌ఎక్స్‌టాప్‌లోని రెడీ శాతం అదే సంగతి చెబుతుంది. ఇవి తక్కువగా ఉంటే రద్దీ వాదనను అక్కడితో వదిలేయాలి.

మెట్టు 4: గడియారాన్ని ఎవరెవరు దిద్దుతున్నారో తేల్చడం

నా అంచనాలో, ఎంత వెతికినా అంతుపట్టని సమయ సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలతాయి. ఒక గెస్టు గడియారాన్ని క్రోనీ ఒకవైపు, గెస్టులో ఇన్‌స్టాల్ చేసే హైపర్‌వైజర్ టూల్స్ మరొకవైపు దిద్దుతుంటాయి. ఒక్కోసారి డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చిన సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ కూడా వాటికి తోడవుతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. క్రోనీ గడియారపు వేగాన్ని నేర్చుకుని సున్నితంగా సర్దుతుంటే, టూల్స్ మధ్యలో వచ్చి హోస్టు సమయాన్ని నేరుగా రుద్దుతాయి. క్రోనీ నేర్చుకున్న లెక్క చెడిపోతుంది. గ్రాఫులో తేడా రంపపు పళ్లలా కనిపిస్తుంది. అలాంటి గ్రాఫు కనిపిస్తే మిగతా అనుమానాలన్నీ పక్కన పెట్టి, రెండవ యజమానిని వెతకాలి.

వీఎంవేర్ గెస్టులో వీఎంవేర్-టూల్‌బాక్స్-సీఎండీకి టైమ్‌సింక్ స్టేటస్ అని ఇస్తే క్రమానుగత సింకు నడుస్తోందో లేదో చెబుతుంది. డిసేబుల్ అని ఇస్తే ఆగిపోతుంది. అయితే ఈ మీట ఆపినా స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లినప్పుడు, సస్పెండు నుంచి లేచినప్పుడు, టూల్స్ మొదలైనప్పుడు ఒకసారి సింకు జరుగుతూనే ఉంటుంది. చాలామంది అడ్మినిస్ట్రేటర్లు ఈ రెండింటి మధ్య తేడా గమనించక, ఆపేశాం కదా అని ఆశ్చర్యపోతారు. సాధారణ సర్వర్లకు ఆ ఒక్కసారి సింకు మంచిదే, హోస్టు సమయం సరిగా ఉన్నంతవరకు. అది కూడా వద్దనుకునే ప్రత్యేక సందర్భంలో వీఎం (వర్చువల్ మెషీన్) కాన్ఫిగరేషన్‌లో టైమ్ డాట్ సింక్రనైజ్ అని మొదలయ్యే వరుసలను ఒక్కొక్కటిగా 0 చేయాలి.

హైపర్-వీలో ఇంటిగ్రేషన్ సర్వీసెస్ కింద టైమ్ సింక్రనైజేషన్ అన్న గడి ఉంటుంది. గెస్టు డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్‌లను నిర్వహించే సర్వర్) అయినప్పుడు ఇక్కడొక వలయం ఏర్పడే ప్రమాదముంది: హోస్టు డొమైన్‌లో సభ్యురాలు కాబట్టి డొమైన్ కంట్రోలర్ నుంచి సమయం తీసుకుంటుంది, ఆ డొమైన్ కంట్రోలర్ వీఎం తిరిగి హోస్టు నుంచే తీసుకుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుని, ఏ ఎర్రరూ లేకుండా, ఆఫీసు మొత్తాన్ని నెమ్మదిగా పక్కకు లాక్కుపోతారు. లోపల పోల్చినప్పుడు అన్నీ సరిగానే కనిపిస్తాయి. బయటి మూలంతో పోల్చినప్పుడే తప్పు బయటపడుతుంది. డొమైన్‌లో పీడీసీ ఎమ్యులేటర్ (మిగతావాటికి సమయం ఇచ్చే) పాత్ర ఉన్న సర్వర్‌కు హోస్టు సింకు తీసివేసి బయటి ఎన్‌టీపీ ఇవ్వడం, మిగతావన్నీ డొమైన్ వరుసక్రమంలో తీసుకునేలా చేయడం సరైన అమరిక.

వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్ భాగమైన వీబాక్స్‌సర్వీస్ ఈ పని చేస్తుంది. తేడా చిన్నదైతే మెల్లగా సర్దుతుంది, 20 నిమిషాలు దాటితే ఒక్కసారిగా మారుస్తుంది.

ఎవరిని ఉంచాలన్న ప్రశ్నకు నా సలహా స్పష్టం: సర్వర్ గెస్టులో క్రోనీని ఉంచి క్రమానుగత టూల్స్ సింకును ఆపాలి, నెట్‌వర్క్ లేని చిన్న ల్యాబ్ గెస్టులో టూల్స్‌ను ఉంచి ఎన్‌టీపీని ఆపాలి. రెండూ వద్దు, ఏదీ లేకుండానూ వద్దు.

మెట్టు 5: క్లాక్‌సోర్సు

సిస్ ఫైల్‌సిస్టమ్‌లో డివైసెస్, సిస్టమ్, క్లాక్‌సోర్స్, క్లాక్‌సోర్స్0 అన్న దారిలో కరెంట్ క్లాక్‌సోర్స్, అవైలబుల్ క్లాక్‌సోర్స్ అనే రెండు ఫైళ్లు ఉంటాయి. కేవీఎం గెస్టులో కేవీఎం-క్లాక్ లేదా టీఎస్‌సీ (ప్రాసెసర్‌లోని కౌంటర్), హైపర్-వీ, అజూర్ గెస్టుల్లో హైపర్‌వీ క్లాక్‌సోర్స్ టీఎస్‌సీ పేజీ, వీఎంవేర్‌లో టీఎస్‌సీ కనిపించాలి. హెచ్‌పెట్ లేదా ఏసీపీఐ పీఎం కనిపిస్తే కెర్నెల్ మంచి మూలాన్ని వదులుకుని నెమ్మదైనదానికి దిగిందని అర్థం. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో టీఎస్‌సీని అన్‌స్టేబుల్‌గా గుర్తించినట్టు వాక్యం ఉంటే కారణం అక్కడే తెలుస్తుంది. కరెంట్ ఫైలులో పేరు రాసి నడుస్తున్నప్పుడే మార్చవచ్చు. శాశ్వతంగా కావాలంటే కెర్నెల్ బూట్ వరుసలో క్లాక్‌సోర్స్ అన్న పారామీటర్ ఇవ్వాలి. ఎవరో ఎప్పుడో ఒక పాత కెర్నెల్ కోసం ఆ వరుసలో పెట్టిన పారామీటర్ టెంప్లేటుతో (కొత్త మెషీన్లకు వాడే నమూనాతో) పాటు కొత్త మెషీన్లలోకి వారసత్వంగా రావడం తరచు జరుగుతుంది. కాబట్టి చేర్చే ముందు ఇప్పటికే ఏముందో చదవాలి.

లిబ్‌వర్ట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఆర్‌టీసీ టైమర్‌కు క్యాచప్, పిట్ టైమర్‌కు డిలే విధానం, హెచ్‌పెట్ లేకుండా ఉండడం మామూలు అమరిక. విండోస్ గెస్టుకు హైపర్‌వీక్లాక్ టైమర్‌ను కూడా చేర్చాలి.

మెట్టు 6: మూలాన్ని సరిగా ఎంచుకోవడం

భారతదేశంలో ప్రామాణిక సమయాన్ని నిర్వహించేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, అంటే ఎన్‌పీఎల్. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు తమ వ్యవస్థల గడియారాలను ఎన్‌ఐసీ (జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో అనుసంధానమైన సర్వర్లతో సింకు చేయాలి. పలు దేశాల్లో సర్వర్లున్న సంస్థలు వేరే కచ్చితమైన మూలాన్ని వాడుకోవచ్చు గాని, అది ఎన్‌పీఎల్, ఎన్‌ఐసీ సమయం నుంచి పక్కకు పోకూడదు. లాగులను 180 రోజులు భద్రపరచాలన్న నిబంధన కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది; సమయం తప్పిన లాగును భద్రపరచి ప్రయోజనం ఏమిటో ఆడిట్ రోజున తెలుస్తుంది.

వాడవలసిన పేర్లు ఎన్‌ఐసీ వైపు సమయ్1 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్, సమయ్2 డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్. ఎన్‌పీఎల్ వైపు టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఓఆర్‌జీ. ప్రతి గెస్టూ నేరుగా వీటిని అడగడం కంటే, ఆఫీసులో రెండు మూడు భౌతిక యంత్రాలను లోపలి ఎన్‌టీపీ సర్వర్లుగా పెట్టి, అవి వీటిని అడిగేలా, గెస్టులు వాటిని అడిగేలా అమర్చడం మంచిది. లోపలి ఎన్‌టీపీ సర్వర్‌నే వీఎంగా పెట్టడం నాకు నచ్చని పని. మూలాలు రెండే ఉంటే, అవి విభేదించినప్పుడు ఏది తప్పో క్రోనీ చెప్పలేదు. మూడుంటే ఒకదాన్ని తోసిపుచ్చగలదు. నాలుగుంటే ఒకటి ఆగిపోయినా ఆ శక్తి మిగులుతుంది.

క్లౌడ్‌లో పని ఇంకా సులభం. అమెజాన్ ఇన్‌స్టెన్స్ లోపలి నుంచే 169.254.169.123 అడ్రసులో టైమ్ సింక్ సర్వీసు అందుతుంది, దానికి ఇంటర్నెట్ దారి అక్కర లేదు. గూగుల్ క్లౌడ్‌లో మెటాడేటా సర్వరే ఆ పని చేస్తుంది. అజూర్ లినక్స్‌లో హోస్టు గడియారం పీటీపీ (మరింత కచ్చితంగా సమయం అందించే పద్ధతి) పరికరంగా కనిపిస్తుంది, క్రోనీలో దాన్ని రిఫ్‌క్లాక్ పీహెచ్‌సీగా చేర్చాలి. సొంత కేవీఎం హోస్టుల మీద కూడా ఇదే సౌకర్యం ఉంది: గెస్టులో పీటీపీ-కేవీఎం మాడ్యూల్ లోడు చేస్తే డెవ్ కింద పీటీపీ0 వస్తుంది, దాన్ని పోల్ 2తో రిఫ్‌క్లాక్‌గా ఇస్తే నెట్‌వర్క్ ఆలస్యం లేకుండా హోస్టు సమయం అందుతుంది. హోస్టు సరిగా సింకై ఉండడం దీనికి ముందస్తు షరతు.

ఒక హెచ్చరిక. అమెజాన్, గూగుల్ సర్వర్లు లీప్ సెకనును (భూభ్రమణానికి సరిపోయేలా అప్పుడప్పుడు కలిపే అదనపు సెకనును) ఒక్కసారిగా చేర్చకుండా గంటల కొద్దీ పరిచి కలుపుతాయి, మామూలు ఎన్‌టీపీ సర్వర్లు అలా చేయవు. రెండు రకాలను ఒకే కాన్ఫిగ్‌లో కలిపితే ఆ రోజున అవి ఒకదానితో ఒకటి విభేదిస్తాయి. చివరి లీప్ సెకను మన గడియారంలో 2017 జనవరి 1న ఉదయం 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తర్వాత వచ్చింది. 2035 నాటికి ఈ పద్ధతిలో మార్పు తేవాలని అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ 2022లో తీర్మానించింది కాబట్టి ఈ చిక్కు మున్ముందు తగ్గవచ్చు, కానీ కలపకపోవడమే నేటికి క్షేమం.

మెట్టు 7: తేడాను సరిదిద్దడం

సరిదిద్దడంలో రెండు పద్ధతులున్నాయి. గడియారాన్ని ఒక్కసారిగా సరైన చోటికి మార్చడం స్టెప్. వేగాన్ని కొద్దిగా పెంచి లేదా తగ్గించి క్రమంగా చేర్చడం స్ల్యూ. పాత ఎన్‌టీపీడీ స్ల్యూ వేగం 500 పీపీఎం మించదు కాబట్టి ఒక్క సెకను సర్దడానికి 2,000 సెకన్లు, అంటే అరగంట పైనే పడుతుంది. తేడా 1,000 సెకన్లు దాటితే ప్రత్యేకంగా చెబితే తప్ప అది పని మానేసి బయటికి పోతుంది. క్రోనీ డీఫాల్ట్ పరిమితి 83,333 పీపీఎం, అంటే ఒక్క సెకనుకు 12 సెకన్లు చాలు.

వర్చువల్ మెషీన్ల విషయంలో ఎక్కువగా పొరబడేది మేక్‌స్టెప్ అన్న వరుస దగ్గర. అనేక డిస్ట్రిబ్యూషన్లలో అది మేక్‌స్టెప్ 1.0 3 అని ఉంటుంది. తేడా ఒక సెకను మించితే స్టెప్ చేయవచ్చు, కానీ క్రోనీ మొదలైన తర్వాత తొలి మూడు దిద్దుబాట్లలో మాత్రమే అని దాని భావం. బూట్ సమయానికి అది సరిపోతుంది. గంటసేపు సస్పెండులో ఉండి లేచిన గెస్టులో క్రోనీ అప్పటికే ఎన్నో దిద్దుబాట్లు చేసి ఉంటుంది కాబట్టి స్టెప్ చేయదు, స్ల్యూకు దిగుతుంది. ఒక గంట తేడాను ఆ వేగంతో సర్దడానికి 12 గంటలు పడుతుంది. పన్నెండు గంటలూ సమయం తప్పే ఉంటుంది, క్రోనీ మాత్రం ఆరోగ్యంగా నడుస్తున్నట్టే కనిపిస్తుంది. తరచు సస్పెండయ్యే డెవలప్‌మెంట్ మెషీన్లలో మూడుకు బదులు మైనస్ 1 పెడితే ఎప్పుడైనా స్టెప్ చేయగలదు. డేటాబేస్ సర్వర్లలో మాత్రం అలా పెట్టకూడదు.

కారణం, గడియారం వెనక్కి గెంతినప్పుడు జరిగే నష్టం. చివరగా రాసినదే నిలవాలన్న సూత్రంతో నడిచే కసాండ్రా వంటి డేటాబేస్‌లో, వెనక్కి వెళ్లిన గడియారంతో వేసిన కొత్త విలువ పాతదానికి ఓడిపోతుంది. అందువల్ల గడియారం ముందుకు పోయి ఉన్న డేటాబేస్ సర్వర్‌ను సరిదిద్దేటప్పుడు, తేడా కొద్ది సెకన్లే అయితే స్ల్యూకు వదిలి ఓపిక పట్టాలి. నిమిషాల్లో ఉంటే ఆ నోడ్‌ను ట్రాఫిక్ నుంచి తీసి, డేటాబేస్‌ను, క్రాన్‌ను (వేళ ప్రకారం పనులు నడిపే సేవను) ఆపి, క్రోనీసీ మేక్‌స్టెప్‌తో ఒకేసారి మార్చి, ట్రాకింగ్ చూసుకున్నాక తిరిగి మొదలుపెట్టాలి. క్లస్టర్‌లో ఒక నోడ్ తర్వాత ఒక నోడ్ చేయాలి. గడియారం వెనకబడి ఉంటే ముందుకు మార్చడం దానికంటే సులభం, అయినా దాటిపోయిన క్రాన్ పనుల సంగతి చూసుకోవాలి.

లిబ్‌వర్ట్ హోస్టు నుంచి గెస్టు సమయాన్ని దిద్దాలంటే, గెస్టులో క్యూఎంయూ గెస్ట్ ఏజెంట్ ఉన్నప్పుడు వర్ష్ డోమ్‌టైమ్ కమాండుకు సింక్ ఆప్షన్ ఇవ్వవచ్చు. స్నాప్‌షాట్ నుంచి లేపే స్క్రిప్టు చివర ఈ వరుస చేర్చుకుంటే గెంతుల ఫిర్యాదులు చాలావరకు ఆగుతాయి.

ల్యాప్‌టాప్, కంటైనర్ల సంగతి

సాయంత్రం ఆఫీసులో మూత మూసిన ల్యాప్‌టాప్, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి మారతహళ్లి చేరాక తెరుచుకున్నప్పుడు, విండోస్ సమయం సరిగానే ఉన్నా డబ్ల్యూఎస్‌ఎల్ లోపలి లినక్స్ మూత మూసిన వేళ దగ్గరే ఉండిపోయే సందర్భాలు ఉంటాయి. క్లౌడ్ కమాండు కొట్టగానే సంతకం గడువు తీరిందని వస్తుంది, యాక్సెస్ కీలు మార్చి చూస్తాం, ఫలితం ఉండదు. రెండు గడియారాలను పక్కపక్కన చూసి, సూడోతో హెచ్‌డబ్ల్యూక్లాక్‌కు చిన్న ఎస్ ఆప్షన్ ఇస్తే ఆర్‌టీసీ నుంచి సమయం తెచ్చుకుంటుంది. లేకపోతే డబ్ల్యూఎస్‌ఎల్‌ను షట్‌డౌన్ చేసి తెరవాలి.

కంటైనర్‌కు సొంత గడియారం లేదు, అది తానున్న నోడ్ కెర్నెల్ సమయాన్నే చూస్తుంది. కంటైనర్‌లో ఎన్‌టీపీ ఇన్‌స్టాల్ చేయడానికి ప్రయత్నించడం వృథా. నోడ్‌ను సరిచేయాలి.

మెట్టు 8: నిర్ధారించుకోవడం

సరిచేసిన వెంటనే తేడా సున్నాకు దగ్గరగా కనిపించడం ఏమీ రుజువు చేయదు. కనీసం ఒక పూర్తి రోజు, అందులో ఒక బ్యాకప్ వేళ, వీలైతే కావాలని చేయించిన ఒక లైవ్ మైగ్రేషన్ కలిసేలా చూడాలి. పర్యవేక్షణకు ప్రోమెథియస్ వాడే చోట నోడ్ ఎక్స్‌పోర్టర్ అందించే టైమెక్స్ ఆఫ్‌సెట్, టైమెక్స్ సింక్ స్టేటస్ అన్న రెండు కొలతలను గ్రాఫులో పెట్టాలి. సింక్ స్టేటస్ 0 అయి పది నిమిషాలు అలాగే ఉంటే హెచ్చరిక రావాలి. ఆఫ్‌సెట్‌కు 100 మిల్లీసెకన్ల గీత చాలా ఆఫీసు వ్యవస్థలకు సరిపోతుంది. అయితే ఈ ఆఫ్‌సెట్ కెర్నెల్ తన సొంత మూలంతో పోల్చి చెప్పేదే కాబట్టి, పైన చెప్పిన వలయం వంటి తప్పును అది పట్టలేదు. అందుకోసం సమయ మూలాలతో సంబంధం లేని ఒక యంత్రం నుంచి రోజుకొకసారి ఎన్‌పీఎల్ సర్వర్‌తో పోల్చే చిన్న క్రాన్ పని విడిగా పెట్టుకోవాలి. టెంప్లేటు నుంచి పుట్టిన మెషీన్ అయితే చేసిన మార్పును టెంప్లేటులో కూడా చేసి, ఆ టెంప్లేటుతో కొత్త మెషీన్ ఒకటి లేపి, క్రోనీసీ సోర్సెస్‌లో నక్షత్రం, రీచ్ గడిలో 377 కనిపించాకే టికెట్ మూయాలి.